‘ఇది బైబిల్‌లో ఉందా?’: యేసు సినిమాల మీద గొడవ ఎక్కడ మొదలవుతుంది

ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయంటే ఒకపక్క టీవీలో కరుణామయుడు సినిమా వేస్తారు, ఇంకోపక్క యేసు మీద వచ్చిన ది చోజెన్ సిరీస్ క్లిప్పులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, ఇక గ్రూపుల్లో గొడవ స్టార్ట్. యేసు శిష్యుడు పేతురుకి అప్పులున్నట్టు బైబిల్‌లో ఎక్కడుంది, ఇంకో శిష్యుడు మత్తయిని అలా ఎందుకు చూపించారు, వాక్యానికి ఏదైనా కలిపితే ఏమవుతుందో ప్రకటన గ్రంథం చివర్లో రాసుంది కదా అని ఒకళ్లు. సినిమా అన్నాక కాస్త కల్పన లేకపోతే ఎలా అండీ, సారాంశం కరెక్టుగా ఉంటే చాలదా అని ఇంకొకళ్లు. రెండు పక్షాలూ తెలీకుండానే ఒక విషయంలో ఒకటే అనుకుంటున్నాయి, అదేంటంటే బైబిల్‌లో యేసు జీవితం మొదటి నుంచి చివరిదాకా ఒకే వరసలో ఒక కథగా ఉంది, డైరెక్టర్ దాన్ని అలాగే తీశాడా మార్చాడా అన్నదే ప్రశ్న అని. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే అలాంటి ఒకే కథ అక్కడ లేదు, నాలుగున్నాయి.

సువార్త అంటే బయోగ్రఫీ కాదు

బైబిల్‌లో యేసు గురించి చెప్పే పుస్తకాలు, అంటే సువార్తలు నాలుగు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. మొదటి మూడూ చాలా చోట్ల ఒకదానితో ఒకటి కలుస్తాయి, యోహాను దారి వేరు. నాలుగూ గ్రీకులో రాసినవే, యేసు సిలువ మరణం తర్వాత కొన్ని దశాబ్దాలకి రాసినవని ఎక్కువమంది పండితుల మాట. ఇప్పుడు మనం రాసుకునే జీవితచరిత్రల్లాగా పుట్టింది, చదివింది, పెరిగింది అని వరసగా చెప్పవు. మార్కు సువార్త 16 అధ్యాయాలైతే 11వ అధ్యాయంలోనే యెరూషలేములోకి ప్రవేశం అయిపోతుంది, అంటే అక్కడి నుంచి చివరిదాకా దాదాపు ఆ ఒక్క వారం సంగతులే. చిన్నతనం గురించి లూకాలో 12 ఏళ్లప్పుడు దేవాలయంలో తప్పిపోయిన ఘటన ఒకటుంది, తర్వాత పెద్దయ్యేదాకా నాలుగిట్లోనూ మౌనమే. మనిషి పొడుగా పొట్టా, నలుపా తెలుపా, గడ్డం ఉందా లేదా అన్నది నాలుగిట్లో ఒక్కటీ చెప్పదు.

ఇప్పుడు క్రిస్మస్ డ్రామా గుర్తు తెచ్చుకోండి. ఒకే స్టేజీ మీద పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, నక్షత్రం, ముగ్గురు జ్ఞానులు. గొర్రెల కాపరులు లూకాలో మాత్రమే ఉన్నారు, నక్షత్రం, జ్ఞానులు మత్తయిలో మాత్రమే. జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు, తెచ్చిన కానుకలు మూడు కాబట్టి మనుషుల్ని కూడా ముగ్గుర్ని చేశారు. మార్కు, యోహానుల్లో అసలు పుట్టుక కథే లేదు. అంటే సండే స్కూల్ పిల్లలు వేసే ఆ పది నిమిషాల నాటకంలో కూడా ఒక స్క్రీన్‌ప్లే రైటర్ పని జరిగిపోయింది, మనం గమనించలేదంతే.

గుడ్ ఫ్రైడే నాటి ఏడు మాటలు

తెలుగు చర్చికి వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. శుభ శుక్రవారం మధ్యాహ్నం ఆరాధనలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఒక్కొక్కటి ఒక్కొక్కరు తీసుకుని ప్రసంగిస్తారు, చిన్నప్పటి నుంచీ విని విని ఆ ఏడూ వరసగా ఒకే చోట రాసున్నాయనే అనుకుంటాం. తెరిచి చూస్తే లూకాలో మూడు: ‘తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము’, దొంగతో ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’, చివర్లో ‘నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను’. యోహానులో ఇంకో మూడు: ‘అమ్మా, యిదిగో నీ కుమారుడు’, ‘దప్పిగొనుచున్నాను’, ‘సమాప్తమైనది’. మత్తయి, మార్కుల్లో కలిపి ఒక్కటే, ‘నా దేవా నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’. అంటే ఏడూ ఒకేచోట ఉన్న సువార్త ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు మీరే డైరెక్టర్ అనుకోండి. మార్కు ఒక్కదాన్నే పట్టుకుంటే మీ సిలువ సీన్లో హీరో ఒక్క డైలాగ్ చెప్తాడు, అదీ గుండె పగిలేలా అరుస్తాడు, అంతే. లూకా పట్టుకుంటే శత్రువుల్ని క్షమించి, పక్కవాడికి మాటిచ్చి, ప్రశాంతంగా కళ్లు మూస్తాడు. యోహాను పట్టుకుంటే అంతా తన చేతుల్లోనే ఉన్నట్టు, పని పూర్తయిందని ప్రకటించి తల వంచుతాడు. మూడూ బైబిలే, మూడూ వేరే సినిమాలు. ఏడూ కలిపితే నాలుగో సినిమా వస్తుంది, విచిత్రం ఏంటంటే బైబిల్‌లో యథాతథంగా లేనిది ఆ నాలుగోదే, జనానికి బాగా అలవాటైందీ అదే.

కలిపి తీసేవాళ్లు, ఒక్కదాన్నే పట్టుకునేవాళ్లు

నాలుగూ కలిపి ఒక కథ చెయ్యాలన్న కోరిక సినిమావాళ్లతో పుట్టింది కాదు, రెండో శతాబ్దంలోనే టేషియన్ అనే ఆయన నాలుగు సువార్తల్ని ఒకే పుస్తకంగా అల్లేశాడు. సినిమాల్లో ఎక్కువ భాగం ఆ దారే. జెఫిరెల్లి తీసిన జీసస్ ఆఫ్ నజరేత్ (1977) ఆరు గంటలకు పైగా నడిచే టీవీ సిరీస్, మన కరుణామయుడు (1978) కూడా ఈ కోవలోదే. ఈ పద్ధతిలో లాభం ఏంటంటే చూసేవాడికి తెలిసిన ఘట్టం ఏదీ మిస్ అవ్వదు. నష్టం ఏంటంటే నాలుగు గొంతులు కలిసి ఏ గొంతూ స్పష్టంగా వినపడదు.

రెండో దారి ఒక్క సువార్తనే పట్టుకోవడం, దానికి పేరు మోసిన ఉదాహరణ పాసోలినీ 1964లో తీసిన మత్తయి సువార్త సినిమా. తీసినాయన మార్క్సిస్టు, దేవుణ్ణి నమ్మనని చెప్పుకున్న మనిషి. యేసుగా వేసింది ఎన్‌రికే ఇరాజోకీ అనే స్పెయిన్ స్టూడెంట్, ముసలి మరియగా వేసింది పాసోలినీ సొంత తల్లి, షూటింగ్ దక్షిణ ఇటలీలోని మటేరా లాంటి పేద ఊళ్లలో, మొహాలన్నీ అక్కడి రైతుల మొహాలు. మాటలన్నీ మత్తయి నుంచే. అందుకే ఆ యేసు మృదువుగా ఉండడు, వేగంగా నడుస్తూ వెనక్కి తిరిగి శిష్యులకి మాటలు విసురుతుంటాడు, యూదు మతపెద్దలైన శాస్త్రుల మీదా పరిసయ్యుల మీదా మండిపడతాడు. ‘వీరిని క్షమించుము’ మత్తయిలో లేదు కాబట్టి అందులోనూ లేదు. సినిమాని పోప్ 23వ జాన్ జ్ఞాపకానికి అంకితం ఇచ్చాడు, యాభై ఏళ్ల తర్వాత 2014లో వాటికన్ పత్రికే యేసు మీద వచ్చిన సినిమాల్లో ఇదే బెస్ట్ అని రాసింది. నమ్మకం లేనివాడు తీసింది వాక్యానికి అంత దగ్గరగా ఉండటం కొంతమందికి ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదే దారిలో 1979 నాటి జీసస్ సినిమా లూకాని పట్టుకుంది. క్యాంపస్ క్రూసేడ్ అనే మిషన్ సంస్థ వెనకుండి తీయించింది, ఇప్పటికి 2,000కి పైగా భాషల్లోకి డబ్ అయింది, అన్ని భాషల్లోకి వెళ్లిన సినిమా ఇంకోటి లేదు. సినిమాగా చూస్తే మాత్రం కాస్త పొడిగానే ఉంటుంది, తీసింది కూడా అవార్డుల కోసం కాదులెండి.

ఖాళీలు ఎవరు నింపారు, దేంతో నింపారు

సువార్తలు చాలా క్లుప్తంగా ఉంటాయి, సినిమాకి మాత్రం ప్రతి సెకనూ ఏదో ఒకటి కనిపించాలి. గది ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు, ఆ మాట నవ్వుతూ అన్నాడా కోపంగా అన్నాడా, ఏదో ఒకటి తేల్చకుండా కెమెరా తిరగదు. అందుకే కలపకుండా తీయడం అనేది సాధ్యం కాదు, దేంతో నింపారన్నదే అడగాల్సిన ప్రశ్న. నింపే సరుకులో కూడా రకాలున్నాయి.

మొదటిది, ఉన్నదాన్ని బట్టి ఊహించడం. మార్కు 1వ అధ్యాయంలో పేతురు అత్తగారికి జ్వరం వస్తే యేసు బాగుచేస్తాడు. అత్త ఉందంటే భార్య ఉన్నట్టే కదా, ఆవిడ పేరు మాత్రం లేదు. ది చోజెన్‌లో ఆమెకి ఈడెన్ అని పేరుపెట్టి, కాపురం, కష్టాలు, పన్ను బకాయిలు అన్నీ అల్లారు. మత్తయి సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, లెక్కల మనిషి, అక్కడి నుంచి అతన్ని ఆటిజం ఉన్న కుర్రాడిలా రాసుకున్నారు. ఆటిజం గురించి సువార్తలో ఒక్క ముక్క లేదు, కాదనడానికీ ఒక్క ముక్క లేదు. సిరీస్ మొదట్లోనే కొన్ని ప్రదేశాలు, కాలక్రమం కలిపాం, కుదించాం, మీరు సువార్తలు చదువుకోండి అని కార్డు కూడా వేశారు.

రెండోది, సంప్రదాయం. ఇది చాలామందికి తెలీకుండా లోపలికొచ్చేస్తుంది. యేసు వెంట నడిచిన మగ్దలేనే మరియ అనగానే పాత సినిమాలన్నిట్లో వేశ్య, పశ్చాత్తాపం, కన్నీళ్లు. లూకా 8లో ఆమెలోంచి ఏడు దయ్యాలు వదిలాయని ఉంది, అంతే, వేశ్య అని ఎక్కడా లేదు. లూకాలో పేరు చెప్పని పాపాత్మురాలినీ, బేతనియ ఊరి మరియనీ, ఈమెనీ ఒక్కరే అని 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో కలిపేశాడు, 1969లో క్యాథలిక్ సంఘం తన క్యాలెండర్ సవరించినప్పుడు మళ్లీ విడదీసింది. అంటే 1,300 ఏళ్లకు పైగా నడిచిన పొరపాటు, హాలీవుడ్‌కి మాత్రం భలే పనికొచ్చింది. అలాగే సిలువ మోస్తూ యేసు మూడుసార్లు పడటం, వెరోనికా గుడ్డతో మొహం తుడవటం, ఇవి ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) చర్చిల్లో చేసే సిలువ మార్గంలో ఉన్నాయి గానీ సువార్తల్లో లేవు. మెల్ గిబ్సన్ 2004లో తీసిన ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్‌లో రెండూ ఉన్నాయి, అదీకాక 18-19 శతాబ్దాల నాటి జర్మన్ సన్యాసిని యాన్ క్యాథరిన్ ఎమెరిక్ దర్శనాల పుస్తకం నుంచి కూడా కొన్ని తీసుకున్నాడు. తమాషా ఏంటంటే ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నవాళ్లలో, పాస్టర్లు బస్సులు కట్టించి మరీ సంఘాన్ని తీసుకెళ్లిన అమెరికా ప్రొటెస్టెంట్ చర్చిలు బోలెడు, అవన్నీ క్యాథలిక్ భక్తి ఘట్టాలని చాలామంది పట్టించుకోలేదు.

మూడోది, నవలాకారుడి ఊహ. గ్రీకు రచయిత కజాంట్జాకిస్ నవల ఆధారంగా స్కోర్సేసీ తీసిన ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్ (1988). సిలువ మీద ఉన్న యేసుకి చివరి శోధనగా, కిందకి దిగి పెళ్లి చేసుకుని పిల్లలతో మామూలు మనిషిలా బతికినట్టు ఒక జీవితం కళ్లముందు కనిపిస్తుంది, చివరికి దాన్ని కాదనుకుని సిలువకే తిరిగి వస్తాడు. ఇది సువార్తల ఆధారంగా తీసింది కాదని సినిమా మొదట్లోనే రాశారు. అయినా పారిస్‌లో ఒక థియేటర్‌కి నిప్పుపెట్టారు, చాలా దేశాల్లో నిషేధించారు. వ్యతిరేకించినవాళ్ల వాదన ఏంటంటే పవిత్రుణ్ణి పడకగదిలో చూపించాక అది కల అన్నా శోధన అన్నా చూసినవాడి మనసులో బొమ్మ చెరగదు అని. సమర్థించినవాళ్ల వాదన ఏంటంటే హెబ్రీ పత్రికలోనే సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడ్డాడని ఉంది, శోధనలో నిజంగా లాగే బలం లేకపోతే గెలవడంలో గొప్పేముంది అని. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. నా మటుకు సినిమా నవల కంటే వెనకబడిందనిపిస్తుంది, అది వేరే సంగతి.

మొహం చూపించడమే తప్పన్న రోజులు

ఇప్పుడు వింతగా ఉంటుంది గానీ బ్రిటిష్ సెన్సార్ బోర్డు 1913లో మొదలైనప్పుడు ఉన్న పక్కా రూల్సు రెండే, ఒకటి నగ్నత్వం వద్దు, రెండు క్రీస్తుని తెరమీద చూపించొద్దు. హాలీవుడ్‌లో అలాంటి చట్టం లేకపోయినా బెన్‌హర్ (1959)లో యేసు వెనక నుంచే కనిపిస్తాడు, మొహం మనకి చూపించరు, ఎదుటివాడి మొహంలో మార్పే చూపిస్తారు. 1927లో డిమిల్ తీసిన ది కింగ్ ఆఫ్ కింగ్స్ తెలివిగా, చూపు వస్తున్న ఒక గుడ్డి పాప కళ్లలోంచి యేసుని మొదటిసారి చూపించింది.

మొహం చూపించాక వచ్చింది ఇంకో గొడవ, నీలి కళ్లు. యేసుగా వేసిన జెఫ్రీ హంటర్, మాక్స్ వాన్ సిడో, రాబర్ట్ పావెల్, అందరూ తెల్లవాళ్లే, నీలి కళ్లవాళ్లే. గలిలయ యూదుడు అలా ఉండే అవకాశం తక్కువని చరిత్రకారులు అంటారు, ప్రతి జాతీ తన పోలికలతోనే దేవుణ్ణి గీసుకుంది కదా అని కళాకారులు అంటారు. 2006లో దక్షిణాఫ్రికాలో తీసిన సన్ ఆఫ్ మ్యాన్‌లో యేసు నల్లవాడు, కథ ఈ కాలపు ఆఫ్రికాలో, సైనిక పాలన మధ్య నడుస్తుంది.

ఈ మొహం భయం మనకి పెద్దగా లేదు. దేవుణ్ణి తెరమీద చూడటం తెలుగువాడికి అన్నం తిన్నంత మామూలు, రాముడన్నా కృష్ణుడన్నా ఎన్టీఆర్ మొహమే గుర్తొచ్చే జనం. అసలు ఇంకా వెనక్కి వెళ్తే 1910-11 ప్రాంతంలో బొంబాయిలో క్రీస్తు జీవితం మీద సినిమా చూస్తూ దాదాసాహెబ్ ఫాల్కే, తెరమీద యేసు కదులుతుంటే తన మనసులో రాముడు, కృష్ణుడు కదిలారని తర్వాత రాసుకున్నాడు, అక్కడి నుంచే 1913లో రాజా హరిశ్చంద్ర. అంటే మన పౌరాణికానికి విత్తనం పడింది ఒక యేసు సినిమా దగ్గర. ఆ బాకీ తీర్చినట్టు కరుణామయుడు యేసు కథని మన పౌరాణికం పద్ధతిలో, పాటలతో, మన మొహాలతో చెప్పింది. భీమ్‌సింగ్ డైరెక్షన్, విజయచందర్ యేసు, మోదుకూరి జాన్సన్ రాసి బాలు పాడిన ‘కదిలింది కరుణరథం’ ఇప్పటికీ గుడ్ ఫ్రైడేకి మోగాల్సిందే. హిందీలో దయాసాగర్ పేరుతో వెళ్లింది, మిషన్ వాళ్లు ప్రొజెక్టర్లు పట్టుకుని ఊరూరా వేశారు. అదే విజయచందర్ తర్వాత షిర్డీ సాయిబాబాగా వేస్తే జనం ఆయనకీ దండం పెట్టారు, ఈ సర్దుబాటు హాలీవుడ్ వాళ్లకి అర్థం కాదు.

మాయాబజార్ శశిరేఖ పెళ్లి వ్యాస భారతంలో లేదని తెలిసినా మనం ఆ సినిమాని తప్పుపట్టం. మరి యేసు సినిమాకొచ్చేసరికి వాక్యంలో ఉందా అని ఎందుకు అడుగుతాం అంటే, క్రైస్తవంలో, ముఖ్యంగా ప్రొటెస్టెంట్ సంఘాల్లో, రాసిన వాక్యానికి ఉన్న స్థానం వేరు. పురాణం చెప్పినకొద్దీ పెరుగుతుంది, వాక్యం పెరగకూడదు. తెలుగు క్రైస్తవుడి చుట్టూ ఈ రెండు అలవాట్లూ ఉన్నాయి, అందుకే మన దగ్గర వాదన ఇంకాస్త ముదురుతుంది.

‘బైబిల్‌లో ఉంది కదా’ అంటే సరిపోతుందా

ఇప్పటిదాకా లేనివి కలపడం గురించి. ఉన్నదాన్ని తీయడం కూడా ప్రమాదమయ్యే చోటు ఒకటుంది. మత్తయి 27వ అధ్యాయంలో, యేసుకి శిక్ష వేసిన రోమా అధిపతి పిలాతు చేతులు కడుక్కున్నాక జనం ‘వాని రక్తము మామీదను మా పిల్లలమీదను ఉండునుగాక’ అంటారు. యూరప్‌లో వందల ఏళ్లు ఈ ఒక్క మాట చూపించి యూదులందరూ క్రీస్తు హంతకులని వాళ్లని తరిమారు, చంపారు. క్యాథలిక్ సంఘం రెండో వాటికన్ మహాసభ 1965లో ఆ నేరాన్ని యూదులందరి మీదా, నేటి యూదుల మీదా మోపకూడదని తేల్చి చెప్పింది.

ఇప్పుడు డైరెక్టర్ ఏం చెయ్యాలి? డిమిల్ 1927లోనే యూదు సంఘాల ఒత్తిడితో సినిమాని కొంత మార్చాడు, తప్పంతా ప్రధాన యాజకుడు కయప ఒక్కడి మీదకి వచ్చేలా చూశాడు. గిబ్సన్ ఆ మాటని అరామిక్‌లో పలికించి కింద సబ్‌టైటిల్ మాత్రం తీసేశాడు, అంటే పెట్టీ పెట్టనట్టు. పిలాతు దగ్గర కూడా ఇదే చిక్కు. సువార్తల్లో అతను తటపటాయిస్తాడు, సినిమాల్లో ఇంకా మెత్తబడి పాపం ఏం చేస్తాడు అన్నట్టుంటాడు. కానీ అప్పటి యూదు రచయితలు ఫిలో, జోసీఫస్ రాసిన దాంట్లో పిలాతు కర్కశుడు, చివరికి సమరయుల్ని ఊచకోత కోసిన గొడవలోనే పదవి పోయింది. గిబ్సన్‌ని సమర్థించేవాళ్లు ఆయన సువార్తలో ఉన్నదే తీశాడు, మంచి యూదులు కూడా అందులో ఉన్నారు, యేసూ మరియా యూదులే కదా అంటారు. విమర్శకులు నాలుగు సువార్తల్లోంచీ యూదు పెద్దలకి వ్యతిరేకంగా ఉన్నవే ఏరి ఒకచోట పేర్చితే ఏ ఒక్క సువార్తలోనూ లేనంత విషం తయారవుతుంది అంటారు. అమెరికా క్యాథలిక్ బిషప్పులు 1988లో శ్రమల నాటకాల మీద ఇచ్చిన సూచనల్లో సరిగ్గా ఇదే రాశారు, నచ్చినవి ఏరి కలపడం మీద హెచ్చరించారు, విమర్శ వచ్చినప్పుడు బైబిల్‌లో ఉంది కదా అంటే చాలదు అని కూడా అన్నారు. నాకు ఈ మొత్తం వాదనలో అన్నిటికంటే బరువైన మాట ఇదే అనిపిస్తుంది, ఏరుకోవడం కూడా రాయడం లాంటిదే కాబట్టి.

భాషలో అసలుతనం గురించి ఒక్క మాట. గిబ్సన్ అరామిక్, లాటిన్ వాడితే ఆహా ఎంత నిజం అన్నారు, కానీ ఆ ప్రాంతంలో రోమా అధికారులు జనంతో మాట్లాడేది ఎక్కువగా గ్రీకు అని పండితుల అభిప్రాయం. పాత భాష వినపడితే నిజం అనిపించడం కూడా సినిమా మాయే.

నిషేధం దాకా వెళ్తే

2006లో ది డావిన్సీ కోడ్ వచ్చినప్పుడు యేసుకి మగ్దలేనే మరియతో పెళ్లయిందన్న కథ మీద గొడవై, కేంద్ర సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చినా అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కేరళలో 1986లోనే కజాంట్జాకిస్ నవల ఆధారంగా వేసిన నాటకాన్ని ఆపేశారు. రెండిట్లోనూ బాధపడినవాళ్లు నిజంగానే బాధపడ్డారు, కాకపోతే బాధ అన్నది నిషేధానికి సరిపడా కారణమా అన్నది చట్టం ప్రశ్న, వేదాంతం ప్రశ్న కాదు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే చర్చ ఎప్పుడూ ఎటూ తేలదు.

ఇంకో మతం దగ్గర్నుంచి చూస్తే విషయం ఇంకోలా ఉంటుంది. ఇరాన్‌లో నాదిర్ తాలిబ్‌జాదే 2007లో తీసిన సినిమాలో యేసు ప్రవక్త ఈసా. ఖురాన్ ప్రకారం ఈసాని సిలువ వెయ్యలేదు, కాబట్టి ముగింపు రెండు రకాలుగా తీశాడు, క్రైస్తవుల నమ్మకం ప్రకారం ఒకటి, ముస్లింల నమ్మకం ప్రకారం ఇంకొకటి. రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టేంత నిజాయితీ ఏ హాలీవుడ్ సినిమాలోనూ చూడలేదు.

ముందుంది ఇంకా కష్టమైన ఘట్టం

గిబ్సన్ పునరుత్థానం, అంటే యేసు తిరిగి లేవడం మీద రెండు భాగాల సినిమా మొదలుపెట్టాడు, 2027లో గుడ్ ఫ్రైడేకి మొదటిది, యేసు పరలోకానికి ఎక్కిన ఆరోహణ దినానికి రెండోది అని 2025లో ప్రకటించారు. ఇక్కడ ఖాళీలు సిలువ కథలో కంటే చాలా పెద్దవి. సమాధిలోంచి లేచిన క్షణాన్ని నాలుగు సువార్తల్లో ఒక్కటి కూడా వర్ణించదు, ఖాళీ సమాధి దగ్గరికి ఎవరో వెళ్లడంతోనే మొదలవుతుంది. ఎవరు వెళ్లారంటే మత్తయిలో ఇద్దరు స్త్రీలు, మార్కులో ముగ్గురు, లూకాలో ఇంకా ఎక్కువమంది, యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే. లోపల కనిపించింది ఒక దూతా ఇద్దరా అన్నదీ తేడానే. మార్కు పాత ప్రతుల్లో అయితే స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్నచోటే కథ ఆగిపోతుంది, తర్వాతి వచనాలు ఆ ప్రతుల్లో లేవు. శుక్రవారం సాయంత్రానికీ ఆదివారం పొద్దుటికీ మధ్య ఏం జరిగిందన్నదానికి పేతురు మొదటి పత్రికలో, చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించెను అని ఒక్క వాక్యం, దానర్థం ఏంటో పండితులకే ఇప్పటికీ తెగలేదు. ఆ ఒక్క వాక్యం నుంచి ఎన్ని సీన్లు వస్తాయో, అవి ఏ సంప్రదాయం నుంచి, ఎవరి దర్శనాల నుంచి తెచ్చుకుంటారో సినిమా వచ్చాక చూడాల్సింది అదే.